ఒకే పలకలోంచి పెట్టె: నా అనుభవం

చేత్తో చేసిన పెట్టెను ఎవరైనా నా ముందు పెడితే మొదట దాని మూలలు చూస్తాను. ఆ తర్వాత తిరగేసి అడుగు చూస్తాను. పైకి కనిపించే మెరుపు రెండు పూటల పని. చేసినవారి ఓపిక అంతా ఉండేది మూలల్లో, అడుగులో. అందుకే కుట్టుసామాను దాచుకోవడానికి ఒక పెట్టె కావాలని మా అక్క అడిగినప్పుడు, నాలుగు పలకలు కలిపి మేకులు కొట్టి ఇవ్వడానికి మనసొప్పలేదు. నాలుగు మూలలకూ, పావురం తోకలా చివర వెడల్పయ్యే పళ్లు ఒకదాని సందులోకి ఒకటి దిగే డవ్‌టెయిల్ అతుకులు వేసి, పెట్టె మొత్తాన్ని ఒకే పలకలోంచి, కరెంటు యంత్రాలేవీ వాడకుండా చేయాలనుకున్నాను. ఆ పని ఎలా సాగిందో మొదటి నుంచి రాస్తున్నాను.

సరదాగా వడ్రంగం చేసే కొందరం నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఒకరు గరిటెలు చెక్కుతారు, ఒకరు బొమ్మలు, ఒకరు పటాల చట్రాలు. ఒకావిడ పాత కుర్చీలకు కొత్త కాళ్లు చేసి అమరుస్తారు. మా అందరిలోకి పెద్దాయన చాలాకాలం కిందటే ఒక పద్ధతి పెట్టారు. పూర్తయిన వస్తువు ఒక్కటే తెస్తే చాలదు. జిగురు పూయకముందు తీసిన ఫోటోలు, పనిలో మిగిలిన ఒక ముక్క కూడా తేవాలి. రంపపు పొట్టును జిగురులో కలిపి సందుల్లో కూరితే ఎంత వదులైన అతుకైనా పైకి బిగువుగానే కనిపిస్తుంది. జిగురుకు ముందు తీసిన ఫోటోలో అది దాగదు. మిగిలిన ముక్క చేతిలో ఉంటే చెక్క బరువు, నార, వాసన తెలుస్తాయి. కావాలంటే దాని మీద ఉలి పెట్టి చూసుకోవచ్చు. ఈ పనిలో నాకు వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఆ ముక్కల నుంచి, ఆ ఫోటోల నుంచి వచ్చిందే. కాబట్టి నా పెట్టె గురించి కూడా అదే తీరులో, లోపలి సంగతులతో సహా చెబుతాను.

చెక్క ఒక పాత బీరువా పక్కపలక. టేకు, అంతా చేవే. దాదాపు 1.8 మీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల వెడల్పు. పాత చెక్కతో పని మొదలుపెట్టేటప్పుడు మొదటి పని దాని మీద అయస్కాంతం తిప్పడం. తల విరిగి లోపలే ఉండిపోయిన ఇనుప మేకు ఒక్కటి తగిలినా చిత్రిక అంచు ముక్కలవుతుంది. మేకులున్న చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, ఆ ముక్కలు వదిలేసి, మిగిలిన పలకను కొలతకన్నా కొంచెం పెద్ద ముక్కలుగా కోశాను.

కోసిన ముక్కలను వెంటనే పనిలోకి తీసుకోలేదు. పలక ఎంత పాతదైనా, కోయగానే లోపల ఇన్నాళ్లూ బిగుసుకుని ఉన్న ఒత్తిడి సడలి కొద్దిగా మెలి తిరుగుతుంది. పెట్టె ఉండబోయే గదిలోనే ముక్కల మధ్య సన్నటి పుల్లలు పెట్టి, అన్ని వైపులా గాలి తగిలేలా పేర్చాను. ఒక ముక్కను అప్పుడప్పుడు వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకున్నాను. బరువు మారడం ఆగిందంటే గది గాలిలోని తేమకూ చెక్కలోని తేమకూ పొత్తు కుదిరినట్టే. తేమ కొలిచే పరికరం లేనివారికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

చెక్క కదలిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెట్టె నమూనా మొత్తం దాని మీదే ఆధారపడింది. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. నార వెంట, అంటే పొడవు దిశలో, ఈ మార్పు లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత తక్కువ. వెడల్పులో మాత్రం ఎక్కువ. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, చెట్టు వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం తగ్గుతుంది. చాలా చెక్కలతో పోలిస్తే ఇది తక్కువే, టేకుకు అంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం. ఇంట్లో ఉన్న పెట్టెకు ఇంత మార్పు రాదు. కానీ ఎండ కాలానికీ వాన కాలానికీ మధ్య చెక్కలో తేమ 4 శాతం మారిందనుకుందాం. అప్పుడు 180 మిల్లీమీటర్ల వెడల్పున్న మూత పలక, కోసిన తీరును బట్టి, 0.6 నుంచి 1.4 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. ఆ పలకను నాలుగు వైపులా జిగురుతో బిగిస్తే ఆ 1.4 మిల్లీమీటర్లు పోవడానికి చోటుండదు. పలక పగులుతుంది, లేదా మూలల్ని విప్పేస్తుంది. చెక్క బలానికి జిగురు ఆగదు.

అందుకే మూత పలకకూ అడుగు పలకకూ జిగురు లేదు. పక్కపలకల లోపలి వైపు గాడి తీసి, అందులో అవి వదులుగా కూర్చునేలా నమూనా వేసుకున్నాను. నాలుగు పక్కపలకల్లోనూ నార పెట్టె చుట్టూ అడ్డంగా తిరుగుతుంది కాబట్టి అవి ఎత్తులో అన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. వాటి మధ్య పేచీ లేదు. పెట్టె పొడవు 300, వెడల్పు 200, ఎత్తు 140 మిల్లీమీటర్లు. పలక మందం 12.

ఇక సాన. చేతిపనిలో సగం కష్టం మొద్దు అంచు తెచ్చేదే అని నా నమ్మకం. ఉలి గానీ చిత్రిక బ్లేడు గానీ 25 డిగ్రీల వాలుకు అరగదీసి, అంచు చివర మాత్రం 30 డిగ్రీల దగ్గర సన్నటి రెండో వాలు తీస్తాను. ఆ కొద్దిపాటి అంచునే మళ్లీ మళ్లీ పదును పెట్టుకుంటే చాలు కాబట్టి ప్రతిసారీ పని తొందరగా అవుతుంది. 1000 నంబరు రాయి మీద రుద్దుతూ ఉంటే అంచు వెనకవైపు వేలికి సన్నటి జీర తగులుతుంది. అది అంచు పొడవునా తగిలే దాకా ఆపకూడదు. తర్వాత 6000 నంబరు రాయి, చివర తోలు ముక్క మీద కొన్ని సార్లు. ఉలి వీపు కూడా అంచు దగ్గర అద్దంలా చదునుగా ఉండాలి. పదును అంటే రెండు ముఖాలు కలిసే గీత. ఒక ముఖం మీదే శ్రమపడితే ఆ గీత కుదరదు.

పదును చూడటానికి చాలామంది చేతి మీద వెంట్రుకలు గీస్తారు. నాకు అది నచ్చదు, దాన్ని నమ్మను కూడా. మెత్తటి చెక్క ముక్కను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద ఉలితో పలుచటి పొర తీసి చూస్తాను. ఉలి నిజంగా పదునుగా ఉంటే ఆ ముఖం నునుపుగా, ముదురు రంగులో మెరుస్తుంది. పదును చాలకపోతే నార నలిగి తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. మెత్తటి చెక్క మీదే ఈ పరీక్ష పెట్టడానికి కారణం ఉంది. గట్టి చెక్క నార కొంచెం మొద్దు అంచుకు కూడా తెగుతుంది, మెత్తటి నార తెగకుండా వంగిపోతుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి అంచు తొందరగా అరుగుతుంది. చిత్రిక పట్టినంతసేపూ సానరాయి తడిపి పక్కనే పెట్టుకున్నాను.

చిత్రిక పట్టే ముందు పలక పక్క అంచు చూసి నార ఎటు పైకి లేస్తోందో చదవాలి. ఆ లేచే దిశలోనే చిత్రిక నడవాలి, ఎదురు వెళ్తే పొరలు లేచిపోతాయి. ఈ పలకలో ఒకచోట నార దిశ మార్చుకుంది. అక్కడ చిత్రికలో బ్లేడు మీద ఉండే రెండో ఇనుప రేకును అంచుకు బాగా దగ్గరగా జరిపాను. లేవబోయే పొరను ఆ రేకు అక్కడే విరిచేస్తుంది, లోపలికి చీలనివ్వదు. పలక మెలి తిరిగిందో లేదో చూడటానికి రెండు చివర్లా రెండు సరళమైన బద్దలు అడ్డంగా పెట్టి, కన్ను కింద పెట్టి ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూస్తాను. రెండు బద్దల పై అంచులూ ఒకే గీతలో కలిస్తే పలక సరి. చదును చేసిన మొదటి ముఖానికీ, దానికి సరిగ్గా మూలమట్టంలో ఉన్న మొదటి అంచుకూ పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఇక మీదట ప్రతి గీతా ఆ రెంటి నుంచే. ఈ క్రమశిక్షణ ఒక్కటి ఉంటే మిగతా రెండు వైపులు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా అతుకుకు ఏమీ కాదు.

చిత్రిక కింద నుంచి టేకు పొట్టు చుట్టలు చుట్టుకుంటూ వస్తుంటే, గదంతా తోలు వాసన లాంటి ఆ టేకు వాసన నిండుతుంటే, ఈ పని నేను ఎందుకు చేస్తున్నానో ఎవరికీ చెప్పనక్కర్లేదనిపిస్తుంది. చేతి చిత్రిక పొట్టు నేల మీద పడుతుంది, గాలిలో తేలదు. గరుకు కాగితంతో వచ్చే సన్నటి ధూళి అలా కాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఇంట్లో పిల్లలూ పెద్దలూ తిరిగే చోట పని చేసేవారు మాస్కు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు.

నాలుగు పక్కపలకలూ ఆ పొడవాటి పలకలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన క్రమంలోనే కోశాను: ఎడమ, ముందు, కుడి, వెనక. ఇలా చేస్తే చెక్క మీది గీతలు మూల తిరిగి పక్క పలక మీదికి తెగకుండా సాగుతాయి. మూడు మూలల్లో కలుస్తాయి, నాలుగో మూలలో కలవవు, ఎందుకంటే అక్కడ పలక మొదలూ చివరా కలుస్తాయి. ఆ నాలుగో మూలను వెనకవైపు ఉంచాను.

ఇప్పుడు అసలు పని, అతుకులు. చెక్కపనిలో కచ్చితత్వం అంటే మిల్లీమీటర్లలో సగాలు, పావులు కొలవడం అని బయటివారు అనుకుంటారు. నిజానికి డవ్‌టెయిల్ అతుకులో కొలత చాలా తక్కువ. ఒక ముక్కను కోసి, దాన్నే రెండో ముక్క మీద పెట్టి, దాని చుట్టూ గీస్తాం. మొదటి ముక్క కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చినా రెండోది దానికి తగ్గట్టే వస్తుంది కాబట్టి అతుకు కుదురుతుంది. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో దొరికిన చెక్క సామానులోనూ ఈ అతుకు ఉంది. మిల్లీమీటరు పుట్టక వేల ఏళ్ల ముందు ఇది సాధ్యమైందంటే, ఇలా గీసుకునే పద్ధతి వల్లే అని నాకనిపిస్తుంది.

గీయడం పెన్సిలుతో కాదు, కత్తితో. పెన్సిలు గీతకు మందం ఉంటుంది. దాని ఏ పక్కన కోయాలో ప్రతిసారీ ఊహించుకోవాలి. కత్తి గీత నారను తెంచి చిన్న లోయ చేస్తుంది. ఉలి అంచును దాని మీద పెట్టి మెల్లగా జరిపితే అదే వెళ్లి ఆ లోయలో కూర్చుంటుంది. చేతికి తెలుస్తుంది. ఈ స్పర్శ తెలిసిన రోజు నుంచి నా పని స్థాయి మారింది. మా పెద్దాయన మొదట్లో నా చేతికి ఇచ్చింది కూడా పనిముట్టు కాదు, కత్తి గీతలు మాత్రమే ఉన్న చెక్క ముక్క. "కళ్లు మూసుకుని ఉలి పెట్టి చూడు" అన్నారు.

ముందు వెనక పలకలకు తోకలు, అంటే చివర వెడల్పయ్యే పళ్లు; కుడి ఎడమ పలకలకు పిన్నులు, అంటే ఆ తోకల మధ్య సందుల్లోకి దిగే పళ్లు. వాలు 1:8, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు పక్కకు. మెత్తటి చెక్కయితే 1:6 పెడతారు, ఎందుకంటే మెత్తటి నార నలిగి జారుతుంది, దానికి ఎక్కువ వాలు కావాలి. పెట్టెను మొత్తం మూసిన డబ్బాగా అతికించి, తర్వాత చుట్టూ రంపంతో కోసి మూతను విడదీయాలని ముందే అనుకున్నాను. అలా చేస్తేనే మూతకూ పెట్టెకూ మధ్య చెక్క గీతలు తెగకుండా కలుస్తాయి. కాబట్టి కోత పడే చోట ఉన్న పిన్నును మిగతావాటికన్నా సుమారు 3 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉంచాను. రంపం తినేది, ఆ తర్వాత అంచును చిత్రికతో సరిచేసేటప్పుడు పోయేది, రెండూ అందులోంచే పోతాయి. కోశాక చెరో సగం పిన్ను మూతకూ పెట్టెకూ మిగులుతుంది, చూసేవారికి మొదటి నుంచీ అలాగే ఉన్నట్టుంటుంది.

ముందు పలకనూ వెనక పలకనూ కలిపి, బల్లకుండే బిగింపు పనిముట్టు అయిన వైస్‌లో బిగించి, తోకలను రెంటికీ ఒకేసారి కోశాను. ఇలా కోస్తే రంపం కదిలే దారి పొడవుగా ఉంటుంది కాబట్టి నిలువుగా ఉండటం తేలిక. పళ్లు నార వెంట కోసేలా తీర్చిన రంపం కావాలి. అడ్డంగా కోసే పళ్లయితే నెమ్మదిస్తుంది, దారి తప్పుతుంది. రంపాన్ని గట్టిగా పట్టుకోకూడదు. మొదటి రెండు మూడు లాగుల్లో దాని బరువును చేత్తో కొద్దిగా ఎత్తి పట్టి, పళ్లు చెక్కను తాకీ తాకనట్టు నడిపితే గీతలో కుదురుకుంటుంది. ఆ తర్వాత అది వెళ్లే దారిని సరిచేయాలని చూడకూడదు.

తోకల మధ్య చెత్తను సన్న బ్లేడు రంపంతో తీసేసి, మిగిలింది ఉలితో. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఉలి ఒక వైపే వాలుగా ఉంటుంది. గీత మీదే నిలబెట్టి సుత్తితో గట్టిగా కొడితే, వాలు వైపు చెక్క ఎదురుతోసి ఉలి వెనక్కి, గీత దాటి జరుగుతుంది. అందుకే మొదట గీతకు ఒక మిల్లీమీటరు దూరంలో కొట్టి చెత్త తీసేసి, చివరి పొరను మాత్రమే గీతలో ఉలి పెట్టి తీయాలి. అప్పటికి ఎదురుతోయడానికి ఏమీ మిగలదు. పలకకు ఒక వైపు నుంచి సగం, తిప్పి రెండో వైపు నుంచి సగం. ఒకే వైపు నుంచి ఆసాంతం కొడితే రెండో వైపు నార చిట్లుతుంది.

పిన్ను పలకను వైస్‌లో నిలువుగా బిగించి, దాని అడ్డకోత ముఖానికి సుద్ద రాసి, తోక పలకను పైన పెట్టాను. తోకలు మొదలయ్యే చోటి గీత పిన్ను పలక లోపలి అంచుతో కచ్చితంగా కలవాలి. కలిసిందని నిర్ధారించుకుని, పైన బరువు పెట్టి, కత్తిని తోక పక్కలకు ఆనించి గీశాను. సుద్ద మీద గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గీతను మిగిల్చి, చెత్త వైపు కోయాలి. అతుకు బిగువు మొత్తం ఈ ఒక్క నిర్ణయంలో ఉంది.

కోశాక బిగించి చూడాలని చేతులు ఊరిస్తాయి. పూర్తిగా దించకూడదు. దించి తీసిన ప్రతిసారీ నార నలిగి అతుకు వదులవుతుంది. మూడో వంతు దాకా దించి, శబ్దం వింటూ తేలిగ్గా కొడతాను. బిగువు సరిగ్గా ఉన్నచోట గట్టి, మందమైన శబ్దం వస్తుంది. ఎక్కడో పట్టేస్తుంటే ఆ చోట నార మెరుస్తుంది. ఆ మెరుపు ఉన్నచోట మాత్రం ఉలితో ఒక పలుచటి పొర తీస్తాను. జిగురు లేకుండా దిగిన ఆ మూలను ఫోటో తీసేటప్పుడు కలిగిన ఆనందం పూర్తయిన పెట్టెను చూసినప్పుడు కలిగినదానికి తక్కువ కాదు.

గాడుల విషయంలో కొత్తవారికి ఒక మాట. గాడిని తోక మధ్యలో పడేలా ముందే లెక్క వేసుకోవాలి. అప్పుడు పిన్ను పలకల్లో ఈ చివర నుంచి ఆ చివరకు గాడి తీసినా బయటికి కనిపించదు, తోక దాన్ని మూసేస్తుంది. తోక పలకల్లో మాత్రం గాడిని చివరికి రాకముందే ఆపి, మిగిలింది ఉలితో తొలవాలి. లేకపోతే మూల మీద చిన్న చదరపు రంధ్రం కనిపిస్తుంది. మా సమావేశాల్లో అందరూ పెట్టెలు తిప్పి చూసేది ఈ రంధ్రం కోసమే.

మూసిన డబ్బా కాబట్టి లోపలి ముఖాలకు పూత ముందే వేయాలి. పెట్టె లోపల అవిసె నూనె వద్దు, గాలి ఆడని చోట ఆ వాసన నెలల తరబడి పోదు, బట్టలకు పట్టుకుంటుంది. లక్కపురుగుల నుంచి వచ్చే లక్కను స్పిరిట్‌లో కరిగించి, పలుచగా, పొర ఆరాక పొర వేశాను. తొందరగా ఆరుతుంది, ఆరాక వాసన ఉండదు. అతుకుల మీద మాత్రం పడకుండా చూసుకున్నాను.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది జిగురును పట్టనివ్వదు. అతికించే ముందు అసిటోన్‌లో తడిపిన గుడ్డతో అతుకు ముఖాలు తుడిచి, అది ఆవిరైన వెంటనే తెల్ల జిగురు పూశాను. ఎండబెట్టి మరునాడు అతికిద్దామంటే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. క్లాంపులు బిగించాక రెండు కర్ణాలూ కొలిచాను. రెండూ సమానమైతే పెట్టె మూలలు సరిగ్గా ఉన్నట్టు. తేడా వస్తే పొడవైన కర్ణం వెంట కొద్దిగా నొక్కితే సర్దుకుంటుంది. గంటలో క్లాంపులు తీయవచ్చంటారు గానీ, నేను ఒక రోజంతా ఉంచాను.

మరుసటి రోజు ఎటూ తెరుచుకోని చెక్క దిమ్మ బల్ల మీద ఉంది. అంచు నుంచి ఒకే దూరంలో గీసే గేజీతో చుట్టూ గీత గీసి, రంపంతో ఒక మూల నుంచి మొదలుపెట్టాను. ఒకేసారి లోపలికి పోకుండా, ప్రతి ముఖం మీదా లోతు తక్కువగా, పెట్టెను తిప్పుతూ తిప్పుతూ. ఇలా చేస్తే ఒక ముఖం మీది కోతే తర్వాతి ముఖానికి దారి చూపిస్తుంది. చివరి రెండు ముఖాల్లో, తెగిన చోట అంతే మందం ఉన్న అట్టముక్కలు పెట్టి టేపు చుట్టాను, మూత కిందికి వాలి రంపాన్ని పట్టేయకుండా. విడిపోయిన మూతను మళ్లీ పెట్టె మీద పెట్టినప్పుడు చెక్క గీతలు ఒకదానిలోకి ఒకటి నడిచిపోయాయి.

ఇత్తడి మడతబందులు. వాటి చుట్టూ కూడా కత్తితోనే గీసి, వాటి మందమంతే లోతు తొలిచాను. ఇత్తడి మరలు మెత్తనివి, గట్టి చెక్కలో బిగిస్తే తల తెగుతుంది. అదే సైజు ఉక్కు మరను ముందు బిగించి తీస్తే చెక్కలో దారి పడుతుంది, తర్వాత ఇత్తడి మరకు కొంచెం తేనెమైనం రాసి తిప్పితే సులభంగా దిగుతుంది.

బయట అవిసె నూనె. పలుచగా పూసి, కాసేపు ఆగి, మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే జిగటగా మిగులుతుంది. ఆ గుడ్డల విషయం అందరికీ గట్టిగా చెప్పాలి. ఈ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేస్తే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. నిప్పు అక్కర్లేదు. పని అయిన వెంటనే గుడ్డను విప్పి ఆరుబయట ఒంటి పొరగా ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచేయాలి. ఇంట్లో చెక్కపని చేసేవారిలో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు. ఎవరింట్లో నూనె డబ్బా కనిపించినా ముందు ఇదే అడుగుతాను.

పెట్టె, ఫోటోలు, మిగిలిన ముక్క తీసుకుని సమావేశానికి వెళ్లాను. పెద్దాయన మూత తెరవకముందే వెనక మూల చూసి, "నాలుగోది ఇక్కడ పెట్టావా" అని నవ్వారు. తర్వాత మూత పలకను వేలితో నొక్కారు.

"గాడిలో జిగురు పెట్టావా?"

"లేదండీ, వదులుగానే ఉంది."

"రెండు చివర్లా సరిగ్గా మధ్యలో ఒక్కో చుక్క పెట్టవచ్చు. అప్పుడు పలక రెండు పక్కలకూ సమానంగా కదులుతుంది. లేకపోతే కొన్నేళ్లకు ఒక పక్కకే జరిగిపోతుంది."

మధ్యలో ఒక్క చుక్క పలకను కదలకుండా పట్టదు, కదలికకు ఇరుసు ఇస్తుంది. ఇంత చిన్న ఉపాయం నేను ఎక్కడా వినలేదు, పెట్టె అక్కడ పెట్టకపోయి ఉంటే ఇంకా ఎన్నాళ్లకు తెలిసేదో. గరిటెలు చెక్కే మిత్రుడు మిగిలిన ముక్కను తీసుకుని, నార దిశ మార్చుకున్న చోటు మీద తన కత్తి పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. కుర్చీలు బాగుచేసే ఆవిడ మాత్రం ఫోటోల్లో ఒకటి చూపించి, బరువు పెట్టి గీసేటప్పుడు తోక పలక జరగకుండా దాని లోపలి వైపు, తోకలు మొదలయ్యే గీత వెంట చిత్రికతో సన్నటి మెట్టు తీస్తే పిన్ను పలకకు అదే ఆనుకుంటుందని చెప్పారు. ఇంటికొచ్చి ప్రయత్నించాను, ఇక అదే పద్ధతి.

చేతిపనిని పాఠశాల చదువులో భాగం చేసినవారిలో స్వీడన్‌కు చెందిన ఓట్టో సాలొమన్ ఒకరు. 1870లలో నేస్ అనే చోట ఆయన ఉపాధ్యాయులకు చెక్కపని నేర్పే కేంద్రం నడిపారు. పిల్లలు చేసే ప్రతి వస్తువూ పనికొచ్చేది కావాలి, మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే పూర్తి చేయగలిగేది కావాలి, తేలికైన దాని నుంచి కష్టమైన దానికి వరుస ఉండాలి అన్నది ఆయన పద్ధతి. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే మాలాంటివారికి ఆ వరుస ఎవరూ వేసి ఇవ్వరు. సమావేశపు బల్ల మీద పక్కపక్కన పెట్టిన వస్తువులే మాకు ఆ వరుస.

పెట్టె అక్క దగ్గర ఉంది. తేమ పెరిగిన రోజుల్లో మూత పలక గాడిలోకి ఎంత పోయిందో చూడటానికి పలక అంచున పెన్సిలుతో సన్నటి గీత ఒకటి పెట్టాను. వాన కాలంలో ఆ గీత గాడి అంచు కిందికి వెళ్లింది, ఎండ కాలంలో మళ్లీ పైకి కనిపించింది. ప్రతి పక్కా ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచాను, అది సరిపోయింది. ఇలాంటి పెట్టె చేయాలనుకునేవారు మొదటిది మెత్తటి చెక్కతో, మూత విడిగా కోయకుండా, 1:6 వాలుతో, ఒక్కో మూలకు రెండే తోకలతో చేయండి. రెండోదానికి టేకు తీసుకోండి. జిగురు పూసే ముందు ఫోటో తీసి ఉంచండి, మిగిలిన ముక్క పారేయకండి.